ఘాట్ దారి కుటుంబానికి ఏ గేరు మేలు? మాన్యువల్, ఏఎంటీ, పూర్తి ఆటోమేటిక్ కార్ల పోలిక

ఒడిశాలోని కొరాపుట్, రాయగడ, నవరంగపూర్ జిల్లాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో కారు కొనడం గురించి జరిగే చర్చ ఇటీవల కొంత మారింది. ఒకప్పుడు పెట్రోలా, డీజిలా అన్నదే పెద్ద ప్రశ్న. ఇప్పుడు గేరు చేత్తో మార్చుకునే బండి తీసుకోవాలా, దానంతట అదే మార్చుకునే బండి తీసుకోవాలా అన్నది ముందుకు వచ్చింది. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఉండే బంధువులు దాదాపు అందరూ ఆటోమేటిక్ తీసుకోమనే చెబుతారు. సిగ్నలు సిగ్నలుకూ ఆగే నగరంలో ఎడమకాలికి విశ్రాంతి దొరుకుతుంది కనుక వారి అనుభవానికి ఆ సలహా సరిపోతుంది. అయితే సిమిలిగుడ నుంచో సునాబెడ నుంచో ఆసుపత్రి పని మీదో పెళ్ళికో విశాఖ బయలుదేరిన కుటుంబం, 26వ నంబరు జాతీయ రహదారి మీద పొట్టంగి, సుంకి దాటి, మలుపులన్నీ దిగి సాలూరు చేరిన తరువాతే చదునైన నేలను చూస్తుంది. జయపురం వారైతే అంతకుముందే కొరాపుట్‌కు ఘాట్ ఎక్కి రావాలి. అందుచేత ఈ పోలికలో గేర్‌బాక్సులను నగరపు సౌకర్యంతో కాక, కొండ దిగేటప్పుడు అవి నడిపేవారికి ఇచ్చే పట్టుతో తూచుతున్నాను. బలం చాలక ఘాట్ ఎక్కలేని కార్లు ఈ రోజుల్లో దాదాపు లేవు. దిగేటప్పుడు బ్రేకులు చాలకపోవడం మాత్రం ఎంత ఖరీదైన కారుకైనా జరగవచ్చు.

దిగుడు లెక్క

కొరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. నలుగురు మనుషులు, సామానుతో కలిపి 1,300 కిలోల బరువైన కారు లెక్కకు 700 మీటర్ల ఎత్తు దిగిందనుకుంటే, ఆ దిగుడులో వెలువడే శక్తి దాదాపు 90 లక్షల జౌళ్లు, అంటే రమారమి 30 లీటర్ల చన్నీళ్ళను మరిగించడానికి చాలినంత వేడి. గాలి నిరోధం, టైర్ల రాపిడి ఇందులో కొంత తీసుకుంటాయి. మిగిలినది ఇంజనైనా మోయాలి, బ్రేకులైనా మోయాలి. బండి తక్కువ గేరులో ఉంటే చక్రాలే ఇంజనును తిప్పవలసి వస్తుంది కనుక వేగం అదుపులో ఉంటుంది. దీనినే ఇంజన్ బ్రేకింగ్ అంటారు. ఎక్కువ గేరులో, లేదా న్యూట్రల్లో దిగితే ఆ భారమంతా ముందు డిస్కుల మీద, వెనుక డ్రమ్ముల మీద పడుతుంది. వేడి మితిమీరినప్పుడు ప్యాడ్ల పట్టు సడలుతుంది. అంతకన్నా ప్రమాదం బ్రేకు ఆయిల్ మరగడం, ఎందుకంటే గొట్టాల్లో ఆవిరి చేరితే పెడల్ మెత్తబడి, ఎంత తొక్కినా బండి ఆగదు. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్‌కు కొత్తగా ఉన్నప్పుడు ఉండవలసిన కనీస మరుగు స్థానం 205 డిగ్రీల సెల్సియస్ కాగా, తేమ పీల్చిన తరువాత అది 140 డిగ్రీలకు పడిపోవచ్చు. డాట్ 4 రకానికి ఈ అంకెలు 230, 155. ఆ ఆయిల్ గాలిలోని తేమను తనంతట తానే పీల్చుకుంటుంది. వానలు విస్తారంగా పడే ఈ కొండ జిల్లాల్లో దానిని మెకానిక్ గుర్తు చేసేదాకా ఆగకుండా, కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువుకే, సాధారణంగా రెండేళ్ళకోసారి, మార్పించడం మంచిది.

రాయపూర్, విశాఖల మధ్య తిరిగే లారీ డ్రైవర్లు పాటించే పాత నియమం ఒకటుంది: ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. కారుకు కూడా ఇది అక్షరాలా వర్తిస్తుంది. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అలవాటు పెట్రోలు ఆదా పేరుతో న్యూట్రల్లో వదిలేయడం. నేటి ఇంజెక్షన్ ఇంజన్లలో బండి గేరులో ఉండి, యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంధన సరఫరా దానంతట అదే ఆగిపోతుంది. న్యూట్రల్లో మాత్రం ఇంజను ఆగిపోకుండా ఉండడానికి కొంత ఇంధనం కాలుతూనే ఉంటుంది. కాబట్టి న్యూట్రల్ దిగుడులో భద్రతా లేదు, ఆదా కూడా లేదు. ఇంజనే ఆపేసి దిగేవారు ఇంకా ముందుకు వెళ్ళి, పవర్ స్టీరింగునూ, కొన్ని తొక్కుళ్ళ తరువాత బ్రేకు బూస్టరునూ కూడా వదులుకుంటారు.

ఎవరి పట్టు ఎంత

మాన్యువల్ కారులో ఏ గేరు ఉండాలో నడిపేవారు నిర్ణయిస్తారు, బండి దానిని మార్చదు. సుంకి దగ్గర దిగుడు మొదలుకాకముందే మూడులోకో రెండులోకో దించితే, సాలూరు వైపు చివరి మలుపు వరకూ అదే గేరు ఉంటుంది. దిగుడు మధ్యలో వేగం పెరిగిపోయాక గేరు దించబోవడం మాత్రం కష్టం; బలవంతంగా వేస్తే చక్రాలు కుదుపుతో జారవచ్చు, వేయలేక న్యూట్రల్లో ఉండిపోతే ఉన్న పట్టు కూడా పోతుంది. ఈ ఒక్క జాగ్రత్త తెలిసినవారికి కొండ దిగుడులో మాన్యువల్‌ను మించిన గేర్‌బాక్సు లేదన్నది నా అభిప్రాయం.

ఏఎంటీ విషయంలో చాలామందికి ఉన్న అపోహ అది వేరే జాతి గేర్‌బాక్సు అని. 2014లో మారుతి సుజుకీ సెలెరియోతో మన దేశపు చిన్న కార్లలోకి వచ్చిన ఈ ఏర్పాటులో లోపల ఉన్నది మామూలు క్లచ్ ప్లేటు, మామూలు గేర్లే. క్లచ్ తొక్కే పనినీ గేరు మార్చే పనినీ మన కాలు, చెయ్యికి బదులు ఒక యంత్రం చేస్తుంది. దిగుడులో యాక్సిలరేటర్ వదిలేస్తే, డ్రైవ్ స్థానంలో ఉన్న ఏఎంటీ వేగం పెరుగుతోందని చూసి పై గేరుకు వెళ్ళే అవకాశముంది; మనకు కావలసినదానికి అది నేరుగా విరుద్ధం. విరుగుడు బండిలోనే ఉంది. లీవరును మాన్యువల్ స్థానానికి జరిపి, రెండో గేరో మూడో గేరో ఎంచుకుంటే అది అక్కడే నిలుస్తుంది. విచారకరమేమిటంటే, ఏఎంటీ కొన్న కుటుంబాల్లో ఆ స్థానాన్ని వాడేవారు తక్కువ. షోరూములో బండి అప్పగించే రోజున దానిని ఎవరూ చూపించరు, పుస్తకం డాష్‌బోర్డు అరలో సీలుతోనే ఉండిపోతుంది.

పూర్తి ఆటోమేటిక్ అన్న పేరు కింద మూడు వేర్వేరు యంత్రాలున్నాయి. టార్క్ కన్వర్టర్ రకంలో ఇంజనుకూ గేర్లకూ మధ్య ఆయిల్ ద్వారా బలం ప్రవహిస్తుంది. సీవీటీలో పళ్ళ గేర్లకు బదులు, వెడల్పు మారే రెండు పుల్లీల మధ్య ఒక బెల్టు తిరుగుతుంది. డీసీటీలో రెండు క్లచ్‌లు వంతులవారీగా పనిచేస్తాయి. వీటిలో దిగుడుకు టార్క్ కన్వర్టర్, డీసీటీ రెండూ మాన్యువల్ మోడ్‌లో మంచి పట్టునిస్తాయి. పాత టార్క్ కన్వర్టర్ కార్లలో లీవరు మీద 2, ఎల్ అని ఉండే స్థానాలు సరిగ్గా ఇలాంటి దారుల కోసం పెట్టినవే. సీవీటీ మాత్రం డ్రైవ్ స్థానంలో సాఫీగా జారిపోతున్నట్టు దిగుతుంది కనుక దానిలో ఎస్, ఎల్, లేదా బీ అని రాసి ఉన్న స్థానం తప్పక వాడాలి. అలాంటి స్థానమేదీ లేని సీవీటీని కొండ జిల్లాలో కొనమని నేను ఎవరికీ చెప్పను.

ఎక్కుడు, ఆగుడు, దాటుడు

ఎక్కేటప్పుడు తేడాలు మరో రకంగా బయటపడతాయి. ఇరుకైన కొండ దారిలో పైకి వచ్చే బండికి కిందికి దిగే బండి దారి ఇవ్వాలని రహదారి నియమాలు చెబుతున్నా, ఆచరణలో నిండు లోడుతో దిగే లారీ ముందు ఎక్కే కారే ఆగవలసి వస్తుంది. ఆగిన తరువాత వాలు మీద తిరిగి కదలడమే అసలు పరీక్ష. మాన్యువల్‌లో హ్యాండ్ బ్రేకు వేసి, క్లచ్ పట్టుకునే చోటు తెలుసుకుని, అప్పుడు వదలడం అందరికీ నేర్పే పద్ధతే. నేర్చినవారికి కష్టం లేదు, నేర్వనివారు క్లచ్ కాల్చుతారు. టార్క్ కన్వర్టర్ కారు బ్రేకు వదలగానే మెల్లగా ముందుకు పాకుతుంది కనుక ఓ మోస్తరు వాలు మీద వెనక్కి జారదు, ఈ ఒక్క విషయంలో దానికి సాటి లేదు.

ఏఎంటీ ఇక్కడ తడబడుతుంది. బ్రేకు నుంచి కాలు తీసి యాక్సిలరేటర్ తొక్కేలోపు బండి కొంత వెనక్కి జారవచ్చు. దానిని ఆపాలని కొందరు బ్రేకు వాడకుండా యాక్సిలరేటర్ మీదే బండిని వాలులో నిలబెడతారు. లోపల ఉన్నది మామూలు క్లచ్ ప్లేటే కదా. కొద్ది నిమిషాల్లో కాలిన వాసన వస్తుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది, కొన్ని బండ్లు క్లచ్ చల్లబడేదాకా కదలవు. డీసీటీలో, ముఖ్యంగా ఆయిల్‌లో మునగని పొడి క్లచ్ ఉన్న రకంలో, లారీ వెనుక నడక వేగంతో చాలాసేపు ఎక్కితే ఇదే ఇబ్బంది రావచ్చు. ఏఎంటీ కొనేవారు హిల్ హోల్డ్ సౌకర్యం ఉన్న మోడల్‌నే ఎంచుకోవాలి. బ్రేకు వదిలాక రెండు మూడు సెకన్లు బండిని పట్టి ఉంచే ఈ ఏర్పాటు సాధారణంగా స్థిరత్వాన్ని కాపాడే ఈఎస్‌సీతో కలిసి వస్తుంది కనుక, వర్షాకాలపు మలుపుల్లో ఆ రెండో ప్రయోజనం కూడా దక్కుతుంది. హిల్ హోల్డ్ లేకపోతే ఏఎంటీలో కూడా హ్యాండ్ బ్రేకుతో కదిలే పాత పద్ధతే శరణ్యం.

లారీని దాటడం ఇంకో సంగతి. ఎక్కుడులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఏఎంటీ గేరు దించుకోవడానికి కొంత విరామం తీసుకుంటుంది, ఆ విరామంలో చక్రాలకు బలం అందదు. ఎదురుగా బండి రాదనుకుని కుడివైపుకు వచ్చిన తరువాత ఈ ఖాళీ ఎదురుకావడం మంచిది కాదు. దాటదలచుకున్నవారు కుడివైపుకు రాకముందే మాన్యువల్ స్థానంలో ఒక గేరు దించి ఉంచుకోవాలి. ఈ విరామాల వల్ల వచ్చే తల ఊపు వెనుక సీటులోని పిల్లలకు మరీ ఇబ్బంది. మలుపులకు ఈ ఊపు తోడైతే వాంతులు త్వరగా మొదలవుతాయి. ప్రయాణికుల సుఖమే కొలత అయితే టార్క్ కన్వర్టర్, సీవీటీ ముందుంటాయి; సీవీటీ ఎక్కుడులో చేసే ఏకధాటి మోతను మాత్రం భరించాలి.

ఇంట్లో ఎందరు నడుపుతారు

గేర్‌బాక్సు ఎంపికలో ఎక్కువమంది ఆలోచించని విషయం ఇది. మన లైసెన్సు విధానంలో తేలికపాటి మోటారు వాహనాల లైసెన్సు మాన్యువల్‌కూ ఆటోమేటిక్‌కూ కలిపి ఒకటే. ఆటోమేటిక్ మీదే నేర్చుకున్నవారికి కూడా మాన్యువల్ నడిపే హక్కు కాగితం మీద ఉంటుంది. చేతికి, కాలికి మాత్రం ఆ హక్కు తెలియదు. తండ్రి ముప్పై ఏళ్ళుగా మాన్యువల్ నడిపినవారు, కూతురు బెంగుళూరులో ఆటోమేటిక్ నేర్చుకున్నది అయితే, ఇంట్లో ఏ బండి ఉన్నా ఇద్దరిలో ఒకరు కొత్తవారే. ఆటోమేటిక్‌లోకి మారిన పెద్దలు చేసే సాధారణ పొరపాటు, వేగం తగ్గించబోయే క్షణంలో ఎడమకాలితో క్లచ్ అనుకుని వెడల్పాటి బ్రేకు పెడల్‌ను గట్టిగా తొక్కడం. వెనుక వస్తున్నది లారీ అయితే ఆ హఠాత్ బ్రేకు ఫలితం చెప్పనక్కరలేదు. ఎడమకాలిని పక్కనున్న అడుగుపీట మీదే ఉంచడం అలవాటయ్యేవరకూ పెద్దలు జయపురం, సిమిలిగుడ ఊరి వీధుల్లోనే నడిపి, ఆ తరువాత ఘాట్ ఎక్కడం సముచితం. ఎదురు దిశలో, ఆటోమేటిక్ నేర్చినవారికి మాన్యువల్ ఇస్తే వాలు మీద ఇంజను ఆగిపోయి బండి వెనక్కి జారుతుంది. ఇది మరింత ప్రమాదకరం, నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది.

మోకాలి నొప్పి ఉన్నవారి సంగతి వేరు. వారికి క్లచ్ లేని బండి సౌకర్యానికి మించిన అవసరం. వారి ఇంట్లో మాన్యువల్ మేలని వాదించడంలో అర్థం లేదు.

నిలిపి ఉంచడంలోనూ తేడా ఉంది. మాన్యువల్‌ను ఎగువకు ముఖం పెట్టి ఆపితే మొదటి గేరులో, దిగువకు ముఖం పెట్టి ఆపితే రివర్సులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేయాలి. టార్క్ కన్వర్టర్, సీవీటీ కార్లలో ముందు హ్యాండ్ బ్రేకు వేసి, బండి బరువు దాని మీద పడిన తరువాత పార్క్ స్థానానికి మార్చాలి. లేకపోతే బరువంతా లోపలి చిన్న కొక్కెం మీద ఆగుతుంది. చాలా ఏఎంటీ కార్లలో పార్క్ స్థానమే ఉండదు. న్యూట్రల్లో పెట్టి తాళం తీస్తే, వాలులో బండిని పట్టి ఉంచేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే. కుందులి సంతకో, దేవమాలి కొండ చూడడానికో వెళ్ళి వాలులో ఏఎంటీని ఆపినవారు దానిని గేరులో ఉంచే ఇంజను ఆపాలి. చక్రం కింద రాయి పెట్టే అలవాటు మంచిదే గాని, తిరిగి బయలుదేరేటప్పుడు ఆ రాయిని రోడ్డు మీదే వదిలి వెళ్ళేవారి వల్ల రాత్రిపూట మోటారు సైకిళ్ళకు కలిగే హాని తక్కువది కాదు.

చెడిపోతే, ఖర్చయితే

మాన్యువల్ బండి బ్యాటరీ పడిపోతే నలుగురు నెట్టి స్టార్టు చేయవచ్చు. ఆటోమేటిక్‌ను అలా చేయడం కుదరదు. టార్క్ కన్వర్టర్, సీవీటీ బండ్లను నడిచే చక్రాలు నేల మీద ఉండగా తాడుతో ఎక్కువ దూరం లాగితే లోపలి భాగాలు పాడవుతాయి కనుక, వాటిని మోసుకుపోయే బల్ల లారీ పిలవాలి. లక్ష్మీపూర్ దగ్గర రాత్రివేళ అలాంటి లారీ కోసం ఎంతసేపు చూడాలో ఈ దారి తెలిసినవారికి వేరే చెప్పనవసరం లేదు. మాన్యువల్ క్లచ్ ప్లేటు మార్చగల మెకానిక్ జయపురంలోనూ, రాయగడలోనూ దొరుకుతాడు. సీవీటీనో డీసీటీనో విప్పగలవాడి కోసం మాత్రం పెద్ద నగరం దాకా వెళ్ళవలసి రావచ్చు. ధర విషయానికి వస్తే, అదే మోడల్‌లో మాన్యువల్ కన్నా ఏఎంటీకి సాధారణంగా అర లక్ష రూపాయల ప్రాంతంలో, పూర్తి ఆటోమేటిక్‌కు లక్షకు అటూ ఇటూగా, లేదా అంతకు పైగా అదనం అవుతుంది. మైలేజీలో ఏఎంటీ మాన్యువల్‌కు సమీపంగానే ఉంటుంది.

ఇక నా తీర్పు ఊరిని బట్టి మారుతుంది. పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వంటి చోట్ల ఉండి, ఎక్కువగా పాతపట్నం, శ్రీకాకుళం వైపు మైదానంలో తిరిగేవారికి ఏఎంటీ డబ్బుకు తగిన ఎంపిక. రాయగడ నుంచి పార్వతీపురం వైపే వెళ్ళేవారికీ ఇదే మాట చెబుతాను, ఆ దారిలో పెద్ద దిగుడు లేదు. అదే రాయగడ కుటుంబం 326వ నంబరు రహదారి మీద కొరాపుట్ వైపు తరచుగా వెళ్ళేదైతే లెక్క మారుతుంది. కొరాపుట్, సిమిలిగుడ, దామన్‌జోడి, జయపురం వారికి, ఇంట్లో నడిపేవారంతా మాన్యువల్ అలవాటున్నవారైతే మాన్యువలే మొదటి స్థానంలో నిలుస్తుంది. అదనపు ధర భరించగలిగి, ఇంట్లో కొత్తగా నేర్చుకునేవారు ఉంటే హిల్ హోల్డ్, మాన్యువల్ మోడ్ రెండూ ఉన్న టార్క్ కన్వర్టర్ దానికి దాదాపు సమానం. ఏఎంటీ కొండ ఊళ్ళకు మూడో స్థానం. పనికిరానిదని కాదు, దానిని సరిగ్గా వాడడానికి కావలసిన అవగాహన మాన్యువల్‌కు కావలసినంతే ఉన్నా, తక్కువ చాలునన్న భ్రమ కలిగిస్తుంది కనుక.

ఎలక్ట్రిక్ కార్ల గురించి ఒక్క మాట. దిగుడు శక్తిని తిరిగి బ్యాటరీలోకి పంపే వీలు వాటికి ఉంది కనుక ఘాట్ దిగడంలో అవి బాగుంటాయి. కాని కొండ మీది ఇంట్లో వంద శాతం ఛార్జింగు పెట్టి నేరుగా దిగుడుకు వస్తే, నిండిన బ్యాటరీలో చోటుండదు, మోటారు ఇచ్చే బ్రేకింగ్ బాగా తగ్గిపోతుంది. ఘాట్ ప్రయాణానికి ముందు కొంత ఖాళీ ఉంచుకోవాలి.

కొనే ముందు టెస్ట్ డ్రైవ్‌ను షోరూము ముందున్న చదునైన రోడ్డు మీద ముగించకుండా, ఇంట్లో అందరికన్నా తక్కువ అనుభవమున్నవారిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, దగ్గరలోని నిటారు వాలుకు తీసుకువెళ్ళమని సేల్స్ వారిని అడగండి. ఎక్కుతూ మధ్యలో ఆపి, వెనుక ఏ బండీ లేదని చూసుకుని, బ్రేకు వదిలితే ఎంత జారుతుందో గమనించండి. తరువాత దిగుతూ తక్కువ గేరు స్థానం పెట్టి, రెండు పెడళ్ళ మీద నుంచీ కాలు తీసి చూడండి. వేగం నిలకడగా ఉంటే ఆ బండి గురించి ధర మాట్లాడవచ్చు. పెరుగుతూ పోతే ఇంకో గేరు దించి మరోసారి చూసి, అప్పటికీ నిలవకపోతే తాళాలు తిరిగి ఇచ్చేయవచ్చు.